ఒడిబియ్యం మీద పడవ పందెం గట్టిన శంకరవ్వ

పడవ నడుపుడు మొగోళ్ల పని అంటరు గని, తుమ్మలరేవుల నేను చూసినన్నొద్దులు గడ పట్టింది శంకరవ్వనే. ఆమె పెనిమిటి భూమన్న ఇప్పచెట్టు మీదికెళ్లి పడితే నడుం పోయింది. ఇంట్ల ఆయన మంచం, రేవుల ఈమె పడవ. పడవ కదిలితేనే ఇద్దరి నోట్లెకు ముద్ద పోయేది.

రేవు ప్రాణహిత మీద. ఇటు ఒడ్డున మా తుమ్మలరేవు, అటు ఒడ్డున పిప్పలగూడెం. నిజాం జమానల అటుది ఇంగ్లీషోళ్ల రాజ్యం, ఇటుది నిజాం సర్కారు. రేవు కాడ కరోడ్‌గిరి నాకా ఉండె. ఉప్పు మూట తెచ్చుకున్నా సుంకం అడిగేటోళ్లు. రజాకార్ల గడబిడల మా ఊరు ఊరంత పిల్లాజెల్లతోటి అటు దాటి పానం కాపాడుకున్నది. దాటించింది శంకరవ్వ అత్తమామలు. పోలీసు యాక్షన్ అయి కొన్నేండ్లు గడిచినంక నాకా ఎత్తేసిండ్రు, గుడిసె చెదలు తిన్నది. తర్వాత ఇటు ఆంధ్రప్రదేశ్ అన్నరు, అటు మహారాష్ట్ర అన్నరు. మాకేం ఫరక్ పడలే. మా ఆడిపిల్లలను అటిచ్చుకుంటిమి, వాళ్ల పిల్లలను ఇటు తెచ్చుకుంటిమి.

అరవై ఐదుల వానలు ఎగ్గొట్టినయి. బియ్యం రాష్ట్రం దాటద్దని హుకుమొచ్చింది. రేవుకు దిగే బాట మీద అడ్డంగ వెదురుబొంగు కట్టిండ్రు, దాని కాడ జమేదారు రామచంద్రాన్ని కూసోబెట్టిండ్రు. సుల్తానాబాద్ దిక్కు మనిషి. చెడ్డోడేం కాదు గని, నవ్వితే పల్లు రాలుతయేమో అన్నట్టుండేటోడు.

అటు పిప్పలగూడెంల జొన్నగటుకనే దిక్కు. మనోళ్లకు బియ్యం ఎట్ల పంపాలె? ఆడోళ్లకు ఉపాయం దొరికింది. పెండ్లయిన బిడ్డ పుట్టింటికొస్తే పసుపు కలిపిన బియ్యం ఒడిల పోసి కొంగు ముడేస్తం గద. ఆ ముడి అత్తగారింట్ల దేవుని ముందటనే ఇప్పాలె, నడుమ ఎవరూ ముట్టద్దు. ముట్టితే ఆమె ఒడికే కీడు. జమేదారైనా ముట్టడానికి జంకుతడు.

ఇగ చూడు, అటిచ్చిన ఆడిబిడ్డలల్ల ఆ ఏడు ఒడిబియ్యం పోయించుకోనిది లేదు. పిప్పలగూడెం ముసల్ది ఒకామె సుత "మా అవ్వ పోసింది" అనుకుంట దాటింది. ఆమె అవ్వ కాలం చేసి ఎన్నేండ్లాయెనో! పైన పిరికెడు పచ్చవి, కిందంత తెల్లవి. శంకరవ్వ నవ్వుకుంటనే అందరినీ దాటించింది.

రామచంద్రం ఎడ్డోడా? కాదు. అయినా ఓర్చుకున్నడు. ఎవలో పైకి చెప్పిండ్రు. పెద్ద ఆఫీసరు జీపుల వచ్చి, నలుగురి ముందట ఆయనను తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టి పోయిండు.

ఆ తెల్లారే కమలవ్వ తన బిడ్డ గంగుబాయిని సాగదోలడానికి రేవుకు తెచ్చింది. గంగుబాయి ఒడి బరువుగ వేలాడుతున్నది.

"ముడి ఇప్పు" అన్నడు రామచంద్రం.

"అయ్యా, ఇది నిజమైన ఒడిబియ్యం" అన్నది కమలవ్వ.

"అంటే మొన్నటిదాక పోయినయి దొంగయన్నట్టా?"

కమలవ్వ నాలిక కరుచుకున్నది. "రెండు కాన్పులు పోయినయి నా బిడ్డకు. నడిబాట మీద ఒడి ఇప్పితే మల్ల దాని ఒడి నిండుతదా? నీ కాళ్లు మొక్కుత."

ఆయన చెయ్యి లేచింది. గంగుబాయి ఎనుకకు జరిగి జరిగి మోకాలు లోతు నీళ్లల్ల నిలబడ్డది.

పడవల నుంచి శంకరవ్వ కేకేసింది. "ఓ జమేదారూ! ఒడి ముట్టేటోడు తోడబుట్టినోడన్న కావాలె, సిగ్గులేనోడన్న కావాలె. నువ్వెవలో చెప్పి ముట్టు!"

రేవు రేవంత నవ్వింది. రామచంద్రం మొకం కందిపోయింది.

"నవ్వు, బాగ నవ్వు. అన్నీ నీ పడవలనే పోయినయి. పడవ జప్తు చేస్తే అప్పుడు నవ్వుదువు."

శంకరవ్వ నవ్వు ఆగిపోయింది. ఇంట్ల మంచం యాదికొచ్చిందేమో. అయినా మాట తగ్గియ్యలే.

"జప్తెందుకు, నేనే ఇస్త. నువ్వు పడవెక్కు. అత్తగారింట్ల నీ కండ్ల ముందటనే ఒడి దింపుతరు. అడుగుదాక పచ్చగుంటే నోరు మూసుకొని రా. తెల్లగుంటే పడవ నీది."

అటు ఒడ్డున ఆయన హుకుం చెల్లది. ఆయనకు తెలుసు. బెల్టు, టోపి తీసి వెదురుబొంగుకు తగిలిచ్చిండు, పడవెక్కిండు. నేనూ ఎక్కిన.

"నువ్వెందుకే?" అన్నది శంకరవ్వ.

"సాక్షం ఉండద్దా మరి?" అన్న. అది చూడకుంటే నాకు అన్నం సయిస్తదా!

నడిమిట్లకు పోయినంక శంకరవ్వ మెల్లగ అడిగింది, "పచ్చవే గద బిడ్డా?"

గంగుబాయి తలకాయ ఎత్తలే.

శంకరవ్వ చేతుల గడ ఆగింది. పడవ ధారకు జారింది. పడవను ఎనుకకు మర్రగొడుతదనుకున్న. మర్రగొట్టలే. పెదవి కరుచుకొని ముందుకే తోసింది.

అత్తగారింట్ల దేవుని ముందట తెల్లబట్ట పరిచిండ్రు. గంగుబాయి కూసోని కొంగు ముడి ఇప్పింది. ఎండుకొబ్బరి కుడుకలు పడ్డయి, పచ్చబియ్యం పడ్డయి. ఆ మీద కుప్పగ తెల్లబియ్యం జారినయి.

రామచంద్రం ఆ తెల్లకుప్ప దిక్కే చూస్తుండు.

"మా అవ్వ తాన పసుపు అంతే ఉండె" అన్నది గంగుబాయి ఏడ్చుకుంట. "మీరు గటుక తాగుతుండ్రని ఇంట్ల ఉన్నయన్నీ పోసింది."

ఇగ దాన్ని నిజమనాల్నా, దొంగదనాల్నా? ఒడిబియ్యమూ అదే, దాటించిన బియ్యమూ అదే.

అత్త లేచి పసుపుడబ్బ తెచ్చింది. ఎవ్వరి దిక్కూ చూడకుంట కుప్పంత పసుపు చల్లి రెండు చేతుల కలిపింది. "బిడ్డ ఒడిల వచ్చినయి ఒడిబియ్యమే. కూసో నాయనా, పరమాన్నం వండుత, తిని పో."

రామచంద్రం తల వంచుకొని తిన్నడు. శంకరవ్వ ముద్ద ముట్టలే.

రేవుకొచ్చినంక ఆమె గడ ఆయన ముందట పట్టింది. "మాటంటే మాట. పడవ నీది, నడుపు."

"తమాష చెయ్యకు."

"నా బతుకు తమాషనా? పట్టు!"

ఆయనకు పౌరుషమొచ్చింది. పట్టిండు. లోతులేనికాడ బాగనే పోయింది. ధారల పడంగనే పడవ అడ్డం తిరిగింది, కిందున్న బండల దిక్కు ఉరికింది. ఆయన గడ కుచ్చితే బండ సందుల ఇరుక్కున్నది, ఫట్టున ఇరిగింది. సగం ముక్క చేతుల, సగం గంగల. నేను పడవ అంచు కరుచుకొని ఉన్న దేవుళ్లందరినీ పిలిచిన.

"శంకరవ్వా, పట్టుకో!" అని మొత్తుకున్నడు.

"నీ పడవ. నాకేం హక్కున్నది?"

"నాకద్దు నీ పడవ! ఒడ్డుకు చేర్చు తల్లీ!"

అప్పుడు గుంజుకున్నది ఆ ముక్క. పడవ మూతి మీద బోర్ల పడుకొని, మీదికొస్తున్న బండను గుద్దుకుంట, తోసుకుంట మలిపింది. ఒకసారి పక్కబల్ల తాకి నీళ్లు లోపలికొచ్చినయి. రేవుకు చానా దిగువన ఒడ్డెక్కినం. ఆమె అరచేతులు చీరుకపోయి నెత్తురు.

రామచంద్రం బాటకు నడిచి పోయి బెల్టు కట్టుకున్నడు, టోపి పెట్టుకున్నడు. బొంగు మాత్రం లేపలే. "ఇయ్యాల్టికెళ్లి అడుగు గూడ పచ్చగుండాలె" అన్నడు, అంతే.

తెల్లారికెళ్లి శంకరవ్వ మారిపోయింది. ఒడితోటి ఎవలొచ్చినా, "అడుగు పచ్చదేనా? నా మొకం చూసి చెప్పు" అనేది. తల వంచితే దించేది. బిడ్డకిద్దామని ఒడిల బియ్యం కట్టుకొచ్చిన కమలవ్వను సుత దించింది.

"నువ్వు సుత సర్కారు మనిషివైతివా?" అని ఎక్కిరిచ్చిండ్రు ఆడోళ్లు.

"మీ ఒడికి నా పడవ పందెం గట్టుడు ఒక్కపారే" అన్నది.

చానా దినాలు ఆమెతోటి ఎవ్వరూ సక్కగ మాట్లాడలే. పడవల మందీ తగ్గిండ్రు. ఆమె బతిమిలాడలే.

వానలు పడి కాలమైనంక ఆ హుకుం పోయింది, బొంగు కాడి కావలి ఎత్తేసిండ్రు. రామచంద్రానికి బెల్లంపల్లి దిక్కు బదిలీ అయ్యింది. ఆయన ఊరు దాటిండో లేదో, శంకరవ్వ పోయి అడ్డం కట్టిన వెదురుబొంగును ఊడబీకింది. గనుపులు చెక్కి, మొన తీసి, అప్పటిదాక అరువు గడతోటి నడిపిన పడవకు కొత్త గడ చేసుకున్నది.

"అది సర్కారు సొమ్ము గదనే?" అన్న నేను.

"అవు. నా పాత గడను ఇరగ్గొట్టింది సుత సర్కారే గద!" అన్నది, గడ నీళ్లల్ల కుచ్చుకుంట.