మావయ్య పంటి కింద గింజ

మొన్న దాళ్వా పంట ధాన్యం పట్టుకుని మా ఊరి కొనుగోలు కేంద్రానికి వెళ్తే, తేమ చూసే మిషను మీద అంకె ఇంకా నిలబడకముందే వరసలో నా ముందున్న పెద్దాయన పచ్చిగా ఉందండీ అన్నాడు, వెంటనే చుట్టూ ఉన్న పదిమందీ తలలూపారు. నేను అలవాటుకొద్దీ ఒక గింజ కొరికాను. టక్కుమంది. టక్కుమంటే ఎండినట్టేనని మన తరంవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ మొహాలన్నీ చూసి నేనూ తలూపి, బస్తాలు మళ్లీ ట్రాక్టరెక్కించుకుని వచ్చేశాను. దారిపొడవునా మా పెద్ద మావయ్యే గుర్తొచ్చాడు.

నేను కోతలరాయుణ్ణని మీకు తెలిసిందే, ధవళేశ్వరం దగ్గర ఒక పులస నా పేరు కనుక్కుని మరీ వల్లో పడిందని పెళ్లిపందిరి మొత్తాన్ని నమ్మించినవాణ్ణి, కానీ ఇది మాత్రం కోత కాదు; అయితే ఎంత బావుండునో. చదువయ్యాక ఒక రైసుమిల్లులో గుమస్తాగా చేరాను. అక్కడ ధాన్యం చూసేది మా అమ్మకి అన్నగారైన ఈ మావయ్యే. నాలుగు గింజలు కళ్లు మూసుకుని కొరికి, ఎండిందనో పచ్చిదనో ఒక్క మాట అనేవాడు. ఆ మాట మీదే బండి లోపలికి రావడమో వెనక్కి తిరగడమో. రైతుగానీ ఓనరుగానీ మారు మాట్లాడేవారు కాదు. ఆ మాట తప్ప ఆయనకి వేరే ఆస్తి లేదు.

ఒక మధ్యాహ్నం పనిలేక నాకో కొంటె ఆలోచన వచ్చింది. మేస్త్రీనీ, నలుగురు కూలీలనీ పోగేసి, పెళపెళా ఎండిన బస్తా ఒకటి చూపించి, మావయ్య రాగానే ఒకరి తర్వాత ఒకరు కొరికి పచ్చిగా ఉందనాలని ఒప్పించాను. చివర్న ఆయన కొరికి మమ్మల్ని నాలుగు తిట్టాలి, అప్పుడు ముందు నేను నవ్వాలి, నా వెనక అందరూ నవ్వాలి.

అందరూ అన్నారు, నేనూ అన్నాను. మావయ్య కొరికాడు, ఆ టక్కు నాకే వినబడింది. మా మొహాలు చూశాడు. ఇంకో గింజ కొరికాడు, అదీ టక్కుమంది. మళ్లీ మా మొహాలే చూశాడు.

"కొంచెం పచ్చిగానే ఉన్నట్టుందిరా," అన్నాడు.

ఇంకెవరైనా నవ్వుతారేమోనని నేను చూశాను, వాళ్లు నాకోసం చూశారు, ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ ఎండిన ధాన్యాన్ని స్వయంగా మోసుకెళ్లి గచ్చు మీద ఆరబోశాడు. మర్నాటి నుంచి గింజ కొరికి, నీకెలా ఉందిరా అని మేస్త్రీని అడగడం మొదలెట్టాడు. నెల తిరక్కుండా ఓనరు మేస్త్రీనే అడగసాగాడు, మావయ్య గేటు దగ్గర కాపలా స్టూలు మీదకి వచ్చేశాడు.

ఉండబట్టలేక ఒకరోజు నిజం చెప్పేశాను.

"నన్ను ఓదార్చడానికి బాగానే కథ కట్టావల్లుడూ," అన్నాడు నవ్వి. "నీ పులస కంటే ఇదే నమ్మేలా ఉంది."

మేస్త్రీని సాక్ష్యం పిలిస్తే, నేల చూపులు చూస్తూ, ఏమోనండి నాకు నిజంగా పచ్చిగానే తగిలింది అన్నాడు. కూలీలూ అదే మాట.

మావయ్య పోయాడు, మిల్లు కూలగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు, గింజ కొరికే మనుషులే అరుదైపోయారు. నేను పాడుచేసింది ఒక్క మనిషి పళ్లనే అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ.

తెచ్చిన ధాన్యం పెరట్లో ఆరబోశాను. పొద్దున్న ఒక గింజ కొరికాను, టక్కుమంది. మా ఆవిణ్ణి పిలిచి, ఇంకోటి చేతిలో పెట్టి, నీకెలా ఉందో చూడమన్నాను.