చంపుడు లేని ఆట పట్టుకుని చర్ల దారిలో

నెలాఖరుకు నాకు గుండె ఆపరేషన్. దవాఖానాలో పక్కన ఉండటానికి నా చెల్లెలు రంగమ్మను తెచ్చుకుందామని సత్తుపల్లి నుంచి బయల్దేరాను. అమ్మ పోయినప్పుడు వాగు పొంగి కబురు ఆలస్యంగా చేరింది. తను వచ్చేదాకా శవాన్ని ఆపలేదని అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడదు. చిన్నప్పుడు మమ్మల్ని కలిపేది గవ్వలు వేసి ఆడే పచ్చీసే, విడదీసేదీ అదే. కాయ చచ్చిన రోజు ఇద్దరిలో ఒకరం అన్నం మానేసేవాళ్లం. అందుకే ఈసారి వేరే ఆట తీసుకెళ్లాను. బొగ్గు గనిలో యంత్రాలు బిగించడానికి వచ్చి మా మేడ మీద కిరాయికి ఉన్న జర్మనీ ఇంజనీరు, వెళ్లేటప్పుడు ఇచ్చిపోయిన పెట్టె అది.

తెల్లవారుజామున మొదటి బస్సుకు కొత్తగూడెం, అక్కడ మారి భద్రాచలం. దారంతా మాత్రల సంచి ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నాను. వంతెన మీద గోదావరి దాటేటప్పుడు కళ్లు మూసుకున్నాను. అక్కడి నుంచి చర్ల రోడ్డులో మా చెల్లెలి ఊరికి జీపే దిక్కు. అదే జీపు చీకటి పడకముందు తిరిగి వస్తుంది.

"సాయంత్రం రెండు సీట్లు ఆపు నాయనా" అన్నాను.

డ్రైవరు పెట్టె వైపు చూశాడు. "గిదేంది పెద్దమ్మా?"

"జర్మనీ వాళ్ల ఆట. దుంగలు, ఇటుకలు, వడ్లు పోగేసి ఇండ్లు కట్టాలె. మన కాడ లేనిది పక్కోళ్లను అడిగి మార్చుకోవాలె. కాయను చంపుడు లేదు, ఎవరినీ బయటికి పంపుడు లేదు. లెక్క చూసేదాకా అందరూ కూసోవాలె."

"చంపుడు లేకుంటే కొట్లాట ఎట్లయితది?"

"కావద్దనే తీస్కపోతున్న."

"మా ఇంట్లయితే ఇటుకల కాడ్నే అయితది" అని నవ్వాడు.

రంగమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. "వచ్చినవా" అంది, కూర్చోమనలేదు. కోడలు సుజాత చింతచిగురు పప్పుతో అన్నం పెట్టింది. పెట్టె విప్పగానే ముచ్చటపడి అత్తను బలవంతంగా కూర్చోబెట్టింది. చెక్క ఇళ్లను చేతిలో తిప్పి చూస్తుంటే రంగమ్మ ముఖం కొంచెం విప్పారింది. నాకు ఆశ పుట్టింది.

ఇల్లు కట్టడానికి నాకు ఇటుక కావాలి. రంగమ్మ ముందు కుప్పగా ఉన్నాయి.

"ఒక్కటియ్యవే, రెండు దుంగలిస్త."

"నాకక్కర్లే."

సుజాత అడిగితే మాత్రం ఒక దుంగకే ఇచ్చేసింది. నేను మళ్లీ అడిగాను, ఉన్నవన్నీ ఇస్తానన్నాను.

"ఆట గదా అత్తా, ఇయ్యరాదా" అంది సుజాత.

"ఒక్క పూట ఆగనోళ్లకు నేనెందుకియ్యాలె?"

పచ్చీసులోనైతే కాయ చచ్చిందని విసురుగా లేచిపోయేదాన్ని. ఇందులో ఆ వీలు లేదు. వాళ్లిద్దరూ ఇళ్లు కడుతుంటే ఆట మొదట్లో ఇచ్చిన ఒక్క గుడిసె పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాను. లెక్కయ్యాక, ఆపరేషన్ సంగతి చెప్పి, దవాఖానాకు వస్తావా అని అడిగాను.

"అమ్మ కాడ నన్నుండనిచ్చినవా?" అంటూ చెక్క ముక్కలన్నీ పెట్టెలో సర్ది నా చేతికిచ్చింది.

ఆ ఆటలో ఎవరూ ఎవరినీ చంపరని ఇంజనీరు చెప్పింది నిజమే. అడిగినా ఇవ్వకుండా కూర్చోవచ్చన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. పచ్చీసు కోపం మర్నాటికి చల్లారేది. ఇది ఆపరేషన్ బల్ల దాకా నాతో వస్తుందేమోనని భయంగా ఉంది.

అటు వెళ్లేవాళ్లకు ఒక మాట. సాయంత్రం జీపు ఒక్కటే, ఊరికే నిండిపోతుంది. దిగేటప్పుడే సీటు చెప్పుకోండి, కానీ ఒక్కటే చెప్పుకోండి. నేను రెండింటికీ కిరాయి ఇచ్చి, పక్క సీట్లో పెట్టెను పెట్టుకుని వచ్చాను.