పాసోళ్ళు లేవుండ్రి

నాలుగు వెబ్‌సైట్లు చూస్తే చాలు, లోకమంతా తెలిసిపోయిందనుకునే వయసు ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసు. వనపర్తి బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. హాల్ టికెట్లు ప్రింటు తీయగా మిగిలిన టైమంతా నేనెన్నడూ చూడని దేశాల రైళ్ల గురించి చదువుకునేవాణ్ణి. ఆ తెలివి నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో తలచుకుంటే ఇప్పటికీ నవ్వు కంటే ముందు కాళ్ల నొప్పులే వస్తాయి.

మా చర్చికీ జర్మనీలో ఒక చర్చికీ ఏనాటి నుంచో స్నేహం. ఒక ఏడాది వాళ్లు తమ పండుగకు మంచి పాటగాణ్ణి పంపమని అడిగారు. మా దగ్గర పాటంటే మా మేనమామే. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఊరంతా పానా మామ అనేది. తోడుగా ఇంగ్లీషు వచ్చినవాడు ఉండాలని నన్ను జత చేశారు. (నా ఇంగ్లీషు దరఖాస్తుల వరకే. తండ్రి పేరు, పుట్టిన తేదీ దాటితే నేనూ మామా ఒకటే.) కొన్ని ఊళ్లు తిరిగి పాడుకుంటూ వెళ్లి, చివరి ఆదివారం అక్కడి పెద్ద చర్చిలో పాడాలి. మామకు ఆ చివరి పాటే ప్రాణం. మా అమ్మమ్మ కందిచేలో కలుపు తీస్తూ పాడుకున్న కీర్తన అది. దాన్ని నిలబడే పాడాలనీ, కూర్చుని పాడితే వాళ్లమ్మకు కోపమొస్తుందనీ ఆయన పట్టు. (అమ్మమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్లయింది.)

రైళ్ల సంగతి పెద్దలు నాకు వదిలేశారు. ఊరూరికీ విడిగా టికెట్లు తీయాలా, అన్నిటికీ కలిపి ఒక పాస్ తీసుకోవాలా అన్నది ప్రశ్న. నేను రాత్రింబవళ్లు చదివి, ఒక సాయంత్రం మామ ముందు ఉపన్యాసం మొదలుపెట్టాను.

"టికెట్టే తియ్యి అల్లుడా" అన్నాడు మామ, నేను ఇంకా సగంలో ఉండగానే.

"మామా, టికెట్ ముందుగాల తీస్తె చవుకనే. కని ఆ బండి తప్పితే టికెట్ దండుగ. పాసైతే ఏ బండొస్తె గది ఎక్కొచ్చు."

"ఎక్కుడు సరే. కూసునుడు ఎట్లరా? పాసోనికి కూసునే హక్కు ఉంటదా?"

పరాచికమనుకుని పాసులే తీశాను. చదువుకునే రోజుల్లో మేం మా బస్సుల్లో పాసులతో ఎక్కి సీట్లలో కూర్చుంటే, కండక్టరు "పాసోళ్ళు లేవుండ్రి, టికెట్టోళ్ళు నిలవడ్డరు" అని కేకేసేవాడు. మేం గొణుక్కుంటూ లేచేవాళ్లం. మామకు డిపో ఇచ్చిన పాస్ ఉండేది. కొత్తకోట నుంచి వనపర్తికి సర్వీసంతా ఆ పాస్ మీదే తిరిగాడు, టికెట్టు కొన్నవాడు నిలబడి ఉండగా ఒక్కసారి కూడా కూర్చోలేదు. మాకు అది కండక్టరు కేక, మామకు అది ధర్మం. ఈ తేడా నాకు జర్మనీలో దిగాక తెలిసింది.

మొదటి బండి ముప్పాతిక ఖాళీ. నేను కిటికీ పక్కన వాలిపోయాను. మామ తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"అన్ని సీట్లు ఖాళీనే ఉన్నయి మామా, రా కూసో."

"టికెట్టోళ్ళు ఎక్కుతరు. ఎక్కినంక లేచుడు ఇజ్జత్ తక్కువ పని."

తనిఖీ ఆయన వచ్చి చెయ్యి చాపితే, మామ గడ్డం కాస్త పైకెత్తి "పాస్" అన్నాడు. మా బస్సుల్లో ఆ మాట చాలు. ఆయన చెయ్యి చాపే ఉంచాడు. మామ ఇంకాస్త నిదానంగా "పాస్" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ఓపిగ్గా చూసుకుంటుంటే నేనే లేచి, మామ జేబులో చెయ్యి పెట్టి చూపించాను. ఇంకో బండిలో నేను బలవంతంగా కూర్చోబెడితే, ఒక ముసలామె ఎక్కగానే మామ లేచి సీటు చూపించాడు. మామ తల నెరుపు చూసి ఆమె ఆయన్నే కూర్చోమంది. ఇద్దరూ చేతులు చూపించుకుంటూ, చుట్టూ పది సీట్లు ఖాళీగా పెట్టుకుని, వచ్చే స్టేషను దాకా నిలబడే ఉన్నారు. మామ నిలబడితే నేను కూర్చోలేను కదా. ఊరి నుంచి ఊరికి, ఆ దేశాన్ని నేను కడ్డీకి వేలాడుతూ చూశాను.

శుక్రవారానికి మామ మోకాళ్లు ఉబ్బాయి. మాకు బస ఇచ్చిన వాళ్ల ఇంటి మెట్లు నా భుజం పట్టుకుని ఎక్కాడు. మంచం మీద కూర్చుని, "ఆదివారం నిలవడి పాడుడు నాతోని కాదేమో అల్లుడా" అన్నాడు. మామ నోట కాదనే మాట నేను వినడం అదే మొదలు. భయమేసింది. ఇంత దూరం వచ్చి ఆయన ఆ ఒక్క పాట పాడకుండా తిరిగిపోతే, ఆ పాపం నా పాసుదే.

మర్నాడు స్టేషన్లో మామను బల్ల మీద కూర్చోబెట్టి, వెళ్లి టికెట్టు కొనుక్కొచ్చాను.

"మామా, గీ బండికి పాస్ నడవదంట. నీకు టికెట్ తీసిన."

మామ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "మరి నీకు?"

అంత దూరం నేను ఆలోచించలేదు. "నాది నడుస్తదంట. నాది... పడుచోళ్ళ పాసు."

మామ నా ముఖంలోకి ఒకసారి చూసి, టికెట్టు జేబులో పెట్టుకున్నాడు. బండెక్కి కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, కాళ్లు చాపుకున్నాడు. అమ్మయ్య అని నేను ఎదుటి సీట్లో కూలబడ్డాను. తర్వాతి స్టేషన్లో చంటిపిల్లతో ఒకామె ఎక్కింది. మామ కళ్లు మూసుకునే, మెల్లగా అన్నాడు.

"పాసోళ్ళు లేవుండ్రి."

లేచాను. దిగేదాకా నిలబడే ఉన్నాను.

ఆదివారం మామ నిలబడి పాడాడు. భాష తెలియని వాళ్లంతా కదలకుండా విన్నారు. నేను వెనక బల్ల మీద కూర్చుని, పిక్కలు పిసుక్కుంటూ ఏడ్చాను. తిరిగి వచ్చేటప్పుడు విమానంలో మామ అన్నాడు, "పడుచోళ్ళ పాసంట. జర మంచి అబద్ధం దొరకలేదురా నీకు?"

"ఎర్కుండి ఎందుకు కూసున్నవు మామా?"

"టికెట్ తీస్తివి గద. తీసినంక నిలవడితె దానికి ఇజ్జత్ ఏముంటది?"

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్లో ఉద్యోగానికి రోజూ వనపర్తి నుంచి నెలవారీ పాస్ మీద తిరుగుతాను. లేవమని ఇప్పుడు ఎవరూ కేకేయరు. (ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు సున్నా టికెట్లు వచ్చాక ఎవరు టికెట్టోళ్ళో, ఎవరు పాసోళ్ళో కండక్టరుకే అయోమయం.) మోకాళ్ల నొప్పులు నాకూ మొదలయ్యాయి. నిన్న సాయంత్రం ఒళ్లంతా అలసిపోయి, దొరక్క దొరికిన సీట్లో కూర్చున్నాను. దారిలో ఎవరో టికెట్టు చేతిలో పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. నేను లేచాను. కడ్డీ పట్టుకుని ఊగుతూ, దర్జాగా కూర్చుని జర్మనీ చూద్దామని పాస్ తీసిన ఆ కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకున్నాను.