వేళ్ళకు తెలిసిన అక్షరాలు

మా అమ్మకు ఉన్నట్టుండి టైపు రావడం మానేసింది. ఈ మాట ఎవరితో అన్నా, చేపకు ఈత రావడం లేదన్నట్టు నవ్వుతారు. నేనూ మొదట నమ్మలేదు.

అమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ టైపు మేడమ్. ఇంటి ముందుగదిలో ఆమె ఇన్‌స్టిట్యూట్ నడిపినన్నాళ్ళూ ఆ టకటకల మధ్యే నేను చదువుకున్నాను, నిద్రపోయాను, అలిగాను. టైపు మాత్రం నేర్చుకోలేదు, అది వేరే సంగతి. మీటల వంక చూస్తూ కొట్టేవాళ్ళంటే అమ్మకు ఒళ్ళుమంట. మిషన్లు పాతసామాన్ల బండెక్కాక ఓ కంప్యూటరు కొనుక్కుంది. ఈ వయసులో వేళ్ళకు కొత్త చదువు చెప్పలేనని అందులోనూ పాత టైపు మిషను వరసే పెట్టించుకుంది. రచయితల రాతప్రతులు, వకీళ్ళ అర్జీలు, పరిశోధన చేసేవాళ్ళ గ్రంథాలు ఆ గదికే వస్తాయి. రాసినవాడే చదువుకోలేని చేతిరాత కూడా అమ్మ చదువుతుందని పేరు.

ఇక మా ఆయన. నీటి సరఫరా ఆఫీసులో పైపుల నక్షాలు గీస్తారు. మనిషి వెన్న, కానీ ఓ పిచ్చి పట్టుకుంది. పాత కంప్యూటరు కంటపడితే చాలు, అందులో ఉన్న సిస్టమ్ పీకేసి లినక్స్ అనే ఇంకో సిస్టమ్ వేస్తారు. పైసా ఇవ్వక్కర్లేదు, లోపల ఏముందో ఎవరైనా చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు అని ఎదుటివాళ్ళ చెవులు చిల్లులు పడేదాకా చెబుతారు. పక్కింటి లెక్కల మాస్టారిది కూడా అలాగే మార్చారు. ఊరికే వచ్చినదాంట్లో ఏదో మెలిక ఉండి తీరుతుందని మాస్టారు ఇప్పటికీ దాని ముందు జాగ్రత్తగా కూర్చుంటారు.

అమ్మ కంప్యూటరు తెరుచుకునేలోపు కాఫీ కాచుకుని తాగి గ్లాసు కడిగి బోర్లించి రావచ్చు. మెకానిక్ చూసి, దీని పని అయిపోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు మా ఆయన మొహం వెలిగిపోయింది. కొనక్కర్లేదు అత్తయ్యా, నేను చేసిపెడతాను అన్నారు. మీ ఇష్టం బాబూ, అంది అమ్మ. వాళ్ళిద్దరి మాటలూ ఎప్పుడూ ఇంతే. ఈయన మీరెలా అంటే అలాగంటారు, ఆవిడ మీ ఇష్టమంటుంది, చివరికి పని ఎవరి ఇష్టప్రకారం జరిగిందో ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం పనంతా అయిపోయింది. కంప్యూటరు చిటికెలో తెరుచుకుంటోంది. ఫైళ్ళన్నీ భద్రం. అమ్మ వాడే పాత తెలుగు సాఫ్ట్‌వేర్ ఇందులో నడవదట, అయినా ఇందులోనే తెలుగు ఉందిగా అన్నారు మా ఆయన. చాలా బాగుంది బాబూ, అంది అమ్మ.

తర్వాత కొన్నాళ్ళకు వేళ్ళ నొప్పులంది. అప్పుడు ఆమె చేతిలో ఓ పెద్ద పని ఉంది. ఆస్పత్రిలో కాన్పులు చేసి రిటైరైన నర్సమ్మగారు తన ఉద్యోగపు రోజుల గురించి రాస్తున్నారు. ఆవిడ రాత కోడి కెలికినట్టుంటుంది, అమ్మ తప్ప ఎవరూ చదవలేరు. ఆ కాగితాలు బల్లమీద అలాగే పడి ఉన్నాయి. నేను అమ్మను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన ఒక్కో వేలూ వంచి చూసి, ఈ వేళ్ళు నా వేళ్ళకంటే బాగున్నాయి అన్నాడు. మరి నొప్పేమిటి? ఆయనకు అర్థం కాలేదు, నాకు అసలే అర్థం కాలేదు. మాత్రలు వాడినా అమ్మ టైపు ముట్టుకోలేదు.

ఓ మధ్యాహ్నం చెప్పకుండా అమ్మ ఇంటికి వెళ్ళాను. ముందుగదిలో అమ్మ కీబోర్డు మీదికి ముక్కు తగిలేంతగా వంగి, చూపుడువేలు గాల్లో పెట్టుకుని ఏదో వెతుకుతోంది. మీటలు చూస్తోంది. మా అమ్మ! తెరమీద ఒక్క వాక్యం ఉంది, అది ఏ భాషో తెలియదు.

"నొప్పేం లేదే," అంది నన్ను చూసి. "వేళ్ళు నా మాట వినడం లేదు."

కొత్త దాంట్లో గుణింతాలన్నీ ఎడమచేతి వైపుకు, హల్లులన్నీ కుడిచేతి వైపుకు పోయాయట. ఇదివరకు కొన్ని అక్షరాలకు తలకట్టు విడిగా కొట్టేది. ఇప్పుడు అక్షరం తలకట్టుతోనే పుడుతోంది, వేలేమో అలవాటుగా వెళ్ళి ఇంకేదో నొక్కి వస్తోంది. చూసి కొట్టడం నేర్చుకుందామంటే చూడగానే చెయ్యి బిగుసుకుపోతోంది. నర్సమ్మగారికి ఫోన్ చేసి, రేపు వచ్చి కాగితాలు పట్టుకెళ్ళమందట. ఇంక టైపు మానేస్తానంది.

"అల్లుడితో అనకు. ఎంతో ముచ్చటపడి చేశాడు."

నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. ఇద్దరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. మా ఆయన ఇంటికి రాగానే చెప్పేశాను. పాపం, ఆయన మొహం మాడిపోయింది. కాసేపటికి లేచి, మీటల వరస కూడా మామూలు ఫైలేనని, ఏ మీటకు ఏ అక్షరమో మార్చి రాస్తే పాత వరస వచ్చేస్తుందని అన్నారు. చెప్పులైనా విప్పకుండా, నన్ను వెంటబెట్టుకుని అమ్మ ఇంటికి బయల్దేరారు.

"ఏ అక్షరం ఎక్కడుండేదో చెప్పండి అత్తయ్యా, చాలు," అన్నారు అమ్మ ముందు కూర్చుని.

క ఎక్కడ అంటే అమ్మకు తెలియదు. మ ఎక్కడ అంటే తెలియదు. ఇన్ని వందలమందికి నేర్పినావిడ తన చేతులవైపు తనే కొత్తగా చూసుకుంది. నేనూ తెల్లబోయాను. ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పాత సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు కొట్టు ఎప్పుడో ఎత్తేశాడు.

చివరికి మా ఆయనకే తట్టింది. కీబోర్డును ఇంగ్లీషులో పెట్టి, కళ్ళు మూసుకోమని, తను చదివింది పాత అలవాటు ప్రకారం కొట్టుకుంటూ పొమ్మన్నారు. తెరమీద తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, వాటినిబట్టి ఏ వేలు ఎక్కడికి వెళ్ళిందో తను రాసుకుంటారట. చదవడానికి నర్సమ్మగారి కాగితాలు తీసుకున్నారు. అమ్మ కళ్ళు మూసుకుంది. వేళ్ళు కదిలాయి. ఆ టకటకలు విని ఎన్నాళ్ళయిందో, నాకు ఏడుపొచ్చింది.

కానీ ఆ రాత మా ఆయనకు లొంగదే! పదానికి పదిసార్లు తడబడుతున్నారు. కాన్పును కానుక అన్నారు, పురిటి మంచాన్ని పూరి మంచం చేశారు. అమ్మ భరించినంతసేపు భరించింది.

"ఆగు. చదవడం రాకపోతే రాదని చెప్పు," అంది కళ్ళు తెరవకుండానే. "సరిగ్గా అడక్కుండా నా కంప్యూటరు మార్చావు. నా చేతులు పోయాయనుకున్నాను, తెలుసా నీకు?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ అమ్మ అల్లుణ్ణి అలా కసరడం నేను వినలేదు. ఆయన కాగితాలు బల్లమీద పెట్టారు.

"అడిగాను అత్తయ్యా. మీ ఇష్టం అన్నారు."

"అంటాను. అల్లుడివి. ఇంకేమంటాను?"

నాకేమో నవ్వాలో కాఫీ పెట్టాలో తెలియలేదు. ఆయన తలవంచుకుని తను రాసుకున్నది చూసుకున్నారు. తర్వాత మెల్లగా, అన్నీ దొరికాయి కానీ ఝ ఒక్కటే దొరకలేదన్నారు. ఝ ఉన్న మాట చెప్పమంది అమ్మ. ముగ్గురం ఆలోచించాం. ఎంత తన్నుకున్నా ఒక్కటీ తట్టదు. ఇంత భాష పెట్టుకుని ఇదేం కరువో!

"అత్తగారు కర్ర ఝుళిపించారు," అన్నారు మా ఆయన.

అమ్మ పెదవులు బిగించింది, నవ్వు ఆపుకోవడానికే. వేళ్ళు 'కర్ర' అన్న మాట దాకా గబగబా వెళ్ళి గాల్లో ఆగాయి. కుడిచేతి వేలొకటి పక్కకు జరిగి, ఏ తడబాటూ లేకుండా ఓ మీట మీద పడింది. అక్కణ్ణుంచి చివరిదాకా ఆగలేదు.

"నర్సమ్మగారికి ఫోన్ చెయ్యవే," అంది, కళ్ళింకా మూసుకునే. "రేపు రావద్దని చెప్పు."