అయ్యగారి ప్రార్థన, బావమరిది పొక్లెయిన్

సర్వకృపానిధియైన ప్రభువుకు స్తోత్రం. నాకు నోరిచ్చినందుకు స్తోత్రం. ఆ నోరు ఎప్పుడు మూసుకోవాలో ఆలస్యంగానైనా నేర్పినందుకు మరింత స్తోత్రం.

ఇప్పుడు చెప్పబోయే సంగతిలో మనుషులెవరూ చనిపోలేదు. అందుకు మహిమ ఆయనకే, నా ప్రయోజకత్వం అందులో ఏమీ లేదు. ఒక పొక్లెయిన్ మాత్రం చచ్చిపోయింది. దాన్ని చంపింది నేను. అదీ మోకాళ్ళ మీద ఉండి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి. ఇంత భక్తిగా యంత్రాన్ని చంపినవాడు మార్కాపురం చుట్టుపక్కల ఇంకొకడు ఉన్నాడంటే నేను నమ్మను.

అప్పట్లో నేను ఒక పలకల గనిలో సూపర్‌వైజరును. మా సంఘంలో పెద్దను కూడా. గనిలో కూలీలకు వాక్యం చెప్పేవాడిని, సంఘంలో విశ్వాసుల మీద అజమాయిషీ చేసేవాడిని. రెండు చోట్లా జనం నన్ను ఓర్చుకునేవారు. అది నా మీద ప్రేమ అనుకునేవాడిని.

ప్రభుదాసు నా భార్య కరుణకు తమ్ముడు. కొనకనమిట్ల వైపు ఏళ్ళ తరబడి ఒకరి బండ్లు తోలి తోలి, చివరికి సొంతానికి ఒక పాత పొక్లెయిన్ కొనుక్కున్నాడు. మట్టి తవ్వే ఆ పచ్చ యంత్రాన్ని వాడు కన్నబిడ్డలా తుడిచేవాడు. మా గనిలో దానికి పని ఇప్పించింది నేనే. ఆ సంగతి రోజుకొకసారైనా వాడికి గుర్తు చేసేవాడిని. కరుణ మాత్రం నాకు వేరే సంగతి గుర్తు చేసేది: "మా తమ్మునికి ఆ బండి తప్ప ఇంకేమీ లేదు. చూసుకో." చూసుకుంటాను అన్నాను. చూసుకున్నాను కూడా. చూడండి ఎట్లా చూసుకున్నానో.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గని గుంటలో ఎగువ సగం నీళ్ళు, దిగువ సగం బురద. మధ్యలో మేం వేసిన మట్టికట్ట. ఎగువన ఊరుతూనే ఉన్న నీళ్ళు కట్ట దాటకుండా ఒక ఆయిల్ ఇంజను రాత్రింబవళ్ళు తోడి బయట పోస్తూ ఉండేది. దిగువ మూలన మంచి రాయి కనిపించింది. బండిని అక్కడికి దించమన్నాను.

"బావా, ఆడ నేల మెత్తగా ఉంది. ఎండ కాసినాక దిగుదాం" అన్నాడు ప్రభుదాసు.

"నీ విశ్వాసమే మెత్తగా ఉంది. పోనీ" అన్నాను.

పోనిచ్చాడు. పొక్లెయిన్ మురుగ్గుంటలో దిగిన బర్రెలాగా కడుపుదాకా దిగబడి హాయిగా కూర్చుంది. బర్రె అయితే పొద్దు వాలేసరికి తనంతట తానే లేచి వస్తుంది. ఇది కదిలిన కొద్దీ ఇంకా దిగింది. ప్రభుదాసు దాన్ని ఆపేసి, చక్రాలకు బదులుండే ఇనుప చైన్ల మీద నుంచి బురదలోకి దూకి, నా వైపు చూశాడు. చూపుతోనే సరిపెట్టాడు. బావను కదా.

బండిని లాగడానికి బేస్తవారిపేట నుంచి మస్తాన్ అనే ఆయన పెద్ద పొక్లెయిన్ తెచ్చాడు. ఇలాంటి పనుల్లో చేయి తిరిగినవాడే కాదు, నోరు తిరిగినవాడు కూడా. వస్తూనే గుంటను చూసి, "ఏంది అన్నా, బండికి బాప్తిస్మం ఇచ్చినట్టుండావే" అన్నాడు. కూలీలు నవ్వారు. నేను నవ్వలేదు. అప్పట్లో నాకు నవ్వు తెలిసేది కాదు.

శనివారమంతా మస్తాన్, ప్రభుదాసు ఇద్దరూ పని చేశారు. ముందు చైన్ల చుట్టూ బురద తవ్వి తీశారు. బురద పట్టు వదలనిదే ఎంత లాగినా ఇనుము విరుగుతుందే కాని బండి రాదన్నాడు మస్తాన్. బండి రావలసిన దారంతా పలకరాళ్ళు పరిచారు. ఇనుప రోపును వేలితో తడిమి తడిమి చూసి, బకెట్టుకు కాకుండా అడుగు ఫ్రేముకు కట్టడానికి చోటు చూసి పెట్టుకున్నారు. ఆదివారం గని సెలవు, సోమవారం లాగడం. ఇంత ఒద్దికగా జరుగుతున్న పనిలో నా చేయి లేదని నాకు లోపల ఒకటే మంట.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు చెప్పుకోవడమే సాక్ష్యం. నేను లేచి, ఆయన చేయబోయే మేలు చెప్పాను. రేపు మా ప్రభుదాసు బండి బయటికి వస్తుందని, కాదు, వచ్చేసిందని, కళ్ళారా చూడగోరేవారు గనికి రావాలని పిలిచాను. గుడి అంతా హల్లెలూయ అంది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, స్వయంగా వచ్చి ప్రార్థన చేస్తామన్నారు. ప్రభుదాసు ఒక్కడే చాప మీద తలవంచుకుని కూర్చున్నాడు.

బయటికి వచ్చాక అడిగాడు. "బావా, రానిదాన్ని వచ్చిందంటివే?"

"అదేరా విశ్వాసం."

"అది నా బండి బావా."

ఆ మాటకు నా దగ్గర ఒక వచనం ఉంది. చెప్పాను. వాడు విన్నాడు. ఆ వచనం ఇప్పుడు నాకు గుర్తు లేదు. వాడి ముఖం గుర్తుంది.

సోమవారం పొద్దున్నే రెండు ట్రాక్టర్ల నిండా సంఘం దిగింది. ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, కంజరలు, చిత్రాన్నం గంప. గుంటకు పైన దారి మీద నిలిపిన తన పెద్ద బండి క్యాబిన్‌లోంచి మస్తాన్ తల బయటపెట్టాడు.

"అన్నా, ఇది లాగుడా, తిరునాళ్ళా? రోపు బిగిసినాక తెగిందంటే కొడవలి మాదిరి వస్తాది. నడుము కాడికి కోసి పోతాది. ఒక్కరు కూడా కింద ఉండకూడదు."

అందరినీ గట్టు పైకి పంపాడు. అయ్యగారిని కూడా. నేను పళ్ళు కొరుకుతూ ఎక్కాను. రోపు కట్టారు. ప్రభుదాసు అంతా మరోసారి చూసుకుని పైకి వచ్చాడు. ఇక మస్తాన్ లాగడమే తరువాయి. ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉంటే ఈ రోజు మీరు ఇది చదివేవారు కాదు, నా బావమరిది సొంత బండి మీద ఉండేవాడు.

"ప్రార్థన కాలేదు" అన్నాను.

అయ్యగారు మొదలుపెట్టారు. కట్ట మీద ఇంజను డుగుడుగుమంటూనే ఉంది. వెనక వరుసలో ఆడవాళ్ళు అయ్యగారి మాట వినపడటం లేదన్నారు. అంతే, నేను గబగబా దిగి, కట్ట దగ్గరికి పోయి, ఇంజను ఆపేశాను. గని అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని నేనే సృష్టించినట్టు ఛాతీ విరుచుకుని గట్టెక్కి, మోకాళ్ళూనాను.

బావి కింద సేద్యం చేసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. పాత ఆయిల్ ఇంజను ఒకసారి ఆగితే పైపులో నీళ్ళు కిందికి దిగిపోతాయి. మళ్ళీ బిందెలతో పోసి పైపు నింపితే తప్ప అది నీళ్ళు లాగదు. మా సంఘంలో సగం మంది రైతులు. ఈ సంగతి తెలియనివాడు ఆ గట్టు మీద ఒక్కడూ లేడు. కానీ ఇంజను ఆగింది ప్రార్థన కోసం. ఆపింది సంఘపెద్ద. ఎవడు నోరు తెరుస్తాడు?

తెరిచినవాడు మస్తాన్ ఒక్కడే. గట్టు కిందికి వచ్చి, "అన్నా, ఇంజను..." అన్నాడు. నేను ఒక కన్ను తెరిచి, పెదవుల మీద వేలు పెట్టాను. ఆయన తల కొట్టుకుని కట్ట మీదికి పరుగెత్తాడు. బిందె దొరకలేదు. చివరికి తన టిఫిన్ క్యారియర్ గిన్నెతో పైపులో నీళ్ళు పోశాడట. ఇది నేను తర్వాత విన్నాను. అప్పుడు నా కళ్ళు పరలోకంలో ఉన్నాయి.

అయ్యగారి మీద నాకు కోపం లేదు. వినపడుతున్నదని ఆయన సంతోషించారు. పొక్లెయిన్‌తో మొదలుపెట్టి, గనులన్నిటినీ, మండలమంతటినీ, రోగులను, పరీక్షలు రాసే పిల్లలను, ప్రయాణాల్లో ఉన్నవారిని, దేశాధికారులను ఒక్కొక్కరినీ దీవించారు. నా పక్కనే ప్రభుదాసు నుదురు నేలకు ఆనించి ఏడుస్తూ ప్రార్థిస్తున్నాడు. అందరిలో నిజంగా ప్రార్థించింది వాడే.

అప్పుడు ఒక ధ్వని వచ్చింది. హోరుమని, పెద్దగాలి వీచినట్టు. ఒళ్ళు పులకరించింది. ఆత్మ దిగివస్తున్నదని "స్తోత్రం, స్తోత్రం" అని కేక పెట్టాను. నన్ను చూసి, అంటే నన్ను విని, సంఘమంతా కేక పెట్టింది. కంజరలు మోగాయి. కట్ట తెగిన చప్పుడుకు అంత ఘనమైన స్వాగతం ఏ గనిలోనూ దొరికి ఉండదు.

ఆమెన్ అన్నాక కళ్ళు తెరిచాం. కింద ఎర్రటి నీళ్ళు. నీళ్ళ మీద పచ్చటి క్యాబిన్ పైకప్పు, చిత్రాన్నం ఆకంత. ముందే చెంగున దూకి గట్టు పట్టుకున్న మస్తాన్ నడుము దాకా తడిసి, చేతిలో ఆ గిన్నెతోనే నిలబడి ఉన్నాడు. ఎవరినీ తిట్టలేదు. "ఇప్పుడు చెప్పు అన్నా, ఆమెన్" అన్నాడు.

బండి తర్వాత బయటికి వచ్చింది. కొత్త ఇంజను పెట్టి నీళ్ళన్నీ తోడి, కట్ట మళ్ళీ వేసి, బురద తవ్వి, రాళ్ళు పరిచి, గుంటలో ఇద్దరే ఇద్దరు ఉండి లాగితే చప్పుడు లేకుండా వచ్చింది. నన్ను గేటు దగ్గరే ఆపేశారు. కానీ బండి ఇంజను లోపలికి బురద పోయింది. మెకానిక్కు విప్పి చూసి మళ్ళీ బిగించలేదు. బండి పాత ఇనుము కింద అమ్ముడుపోయింది.

సంఘంలో దీనికి కారణాలు చాలా దొరికాయి. ప్రభుదాసులో దాచిన పాపమేదో ఉందన్నాడొకడు. అన్యుడైన మస్తాన్ చేత లాగించబోయినందుకే అన్నాడింకొకడు. ఇంజను ఎవరు ఆపారన్న ముక్క మాత్రం ఎవరి నోటా రాలేదు. పై ఆదివారం నేను లేచి, ఇది దేవుని చిత్తమని సాక్ష్యం చెప్పాను. అవునండీ, చెప్పాను. ప్రభుదాసు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు.

వెంట పోయాను. వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఓదార్పు మాటలు మొదలుపెట్టబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఒక్కటి చెప్పు బావా. ఆ ఇంజను మోతలో దేవునికి వినపడదనా నువ్వు ఆపింది?"

దేవునికి వినపడేది. వినపడనిది వెనక వరుసకు. నేను చూసుకున్నది వెనక వరుసను, ముందు వరుసలో నన్ను.

వాడిప్పుడు గిద్దలూరు వైపు రోడ్డు పనిలో మళ్ళీ ఒకరి బండి తోలుతున్నాడు. అక్కను చూడడానికి వస్తాడు. అన్నం తింటాడు. నన్ను "బాగుండావా" అంటాడు. నేను బాగున్నానంటాను. అంతటితో సరి.

కాబట్టి సంఘపెద్ద పదవి వదులుకున్న నేను, పూర్ణమనసుతో, ఇంటి ఆరాధనలో, కరుణ ఎదుట, ఆమె నవ్వకపోయినా, ఇట్లా ప్రమాణం చేశాను. తిరుగుతున్న ఏ ఇంజనునూ, ఏ మోటారునూ, ఆఖరికి ఇంట్లో మిక్సీని కూడా, ప్రార్థన పేరు చెప్పి ఆపను. రోపు కట్టిన చోటికి మనుషులను పిలవను. జరగనిదానికి సాక్ష్యం చెప్పను.

ఇక మీరూ నాతో కలిసి ప్రార్థించండి. కళ్ళు తెరుచుకునే చేయండి, ఆయన ఏమీ అనుకోడు.

ప్రభువా, ప్రభుదాసు చేతికి మళ్ళీ వాడి సొంత బండి దయచేయి. దాని దరిదాపులకు వాడి బావను మాత్రం రానీయకు. ఆమెన్.