లక్ష్మమ్మ పేరున్న రెండు డబ్బాలు: ఒక రోజు కోదాడ, మిర్యాలగూడ ప్రయాణం

ఇక డయాలసిస్‌కు వెళ్లనని నానమ్మ మంగళవారం చెప్పింది. సూర్యాపేటలో ఆమె వెళ్లే సెంటర్ వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. రక్తం శుద్ధి చేసే ఫిల్టర్‌ను పారేయకుండా కడిగి మళ్లీ వాడతారట. ఇంట్లోవాళ్లు సంతకం చేయాలి. "ఒకరి ఎంగిలి నా ఒంట్లకు ఎక్కనియ్య" అంది నానమ్మ. ఎవరి ఫిల్టర్ వాళ్లకే అని కాగితంలో ఉంది. ఆమె నమ్మలేదు, నేనూ పూర్తిగా నమ్మలేదు. శుక్రవారం మళ్లీ వెళ్లాలి. మానేస్తే ఏమవుతుందో మాకు తెలుసు. నాన్న రైస్ మిల్లు వదిలి రాలేరు. తెలిసిన డాక్టరును ప్రశ్నించడానికి నాకు నోరు రాదు. నన్నెవరూ ఎరగని ఊళ్లో అడగగలనేమో అనుకుని గురువారం బయలుదేరాను.

ఉదయం ఏడింటికి కోదాడ ఎక్స్‌ప్రెస్ బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, గంట ప్రయాణం. అక్కడి సెంటర్‌లో ప్రతిసారీ కొత్త ఫిల్టరే వాడతారని, కానీ ఖాళీ లేదని నర్సు చెప్పారు. కడిగింది ప్రమాదమా అని అడిగాను. "సరిగ్గా కడిగితే ఏం కాదండి. సరిగ్గా కడిగారో లేదో మీకెలా తెలుస్తుందో, అదే చెప్పలేను" అన్నారు. పక్కనే వైద్య పరికరాల దుకాణం. వాడినవి బాగుచేసి అమ్మే ఆక్సిజన్ యంత్రాలకు ఈ మధ్య గిరాకీ పెరిగిందని యజమాని సంబరంగా చెప్పాడు. ఫిల్టర్ మాటెత్తితే మాత్రం, తన ఇంట్లోవాళ్లకైతే కొత్తదే వాడమంటానన్నాడు. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒకదానికొకటి పొసగలేదు.

పదిన్నరకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ బస్సు దొరికింది. రెండు గంటలు పట్టింది. బస్టాండు నుంచి డయాలసిస్ ఉన్న దవాఖానకు షేర్ ఆటో ఇరవై రూపాయలు. దవాఖానలో ఎవరున్నారని డ్రైవర్ అడిగితే, ఎవరూ లేరు, చూడడానికి వచ్చానన్నాను. "దవాఖాన సూడనీకి వచ్చేటోళ్లను గిప్పుడే సూస్తున్నక్కా" అన్నాడు.

ఇక్కడ ఫిల్టర్లు కడిగి వాడతారు. నెరిసిన జుట్టున్న టెక్నీషియన్ నన్ను కడిగే గది గుమ్మం దాకా రానిచ్చాడు. అలమరలో డబ్బాలు, ప్రతిదాని మీదా ఒక పేరు. రెండింటి మీద లక్ష్మమ్మ అని ఉంది. నానమ్మ పేరూ అదే. ఇవి మారిపోతే ఎలా అన్నాను.

"పేరొక్కటే రాస్తమా బిడ్డా? ఊరు గూడ సూడు. ఈమెది వేములపల్లి, ఆమెది నేరేడుచర్ల. పెట్టేముందు వాళ్లకే సూపెట్టి సదివిస్త."

కడగడానికి వాడిన మందు ఫిల్టర్‌లో మిగలలేదని పరీక్ష పట్టీతో ఎలా చూస్తారో కూడా చెప్పాడు. సగమే అర్థమైంది. అడిగి, డబ్బాలను ఫోటో తీసుకున్నాను.

సాయంత్రం ఇంట్లో నానమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. తాతయ్య పోయాక మిల్లు నడిపింది ఆమే. ఒక రైతు వడ్లు ఇంకో రైతు వడ్లలో కలవకుండా బస్తాలకు రంగు గుర్తులు వేయించేది.

"పేరు ఎవలకైనా ఉంటది. నా బస్తాకు నా గుర్తు ఉండాలె. కనవడకుంటే లేసొస్త" అంది.

నేను సంతకం పెట్టాను.

శుక్రవారం సూర్యాపేట సెంటర్‌లో ఆమె కోసం కొత్త ఫిల్టర్ విప్పారు. నానమ్మ దాని లేబుల్ మీద ఎర్రగా ఒక సున్నా, అందులో రెండు గీతలు గీసింది. తర్వాతి మంగళవారం దాన్నే కడిగి తెచ్చినప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ఆ గుర్తు వెతికింది. కనబడ్డాకే చేయి చాపింది. నేను చేసింది సరైనదేనా అంటే ఇప్పటికీ చెప్పలేను. కోదాడ నర్సు అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. నానమ్మకు దొరికిన జవాబు మాత్రం ఆ రెండు గీతలంత ఉంది.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు మధ్యాహ్నం రోగుల షిఫ్టు మారే వేళకు వెళ్లండి, కడగడం కళ్లారా చూడొచ్చు. సంచిలో నీటికి చెరగని ఎర్ర మార్కర్ ఒకటి పెట్టుకోండి.