అక్క పై దవడ పన్ను

పై పన్ను పీకిస్తే కంటి చూపు పోతుందని మీకెవరు చెప్పారు? చెప్పినవారు ఎవరి కన్ను పోగా చూశారు? అడిగితే చూశామనరు, విన్నామంటారు. మా ఇంట్లోనూ అలాగే విన్నాం. ఆ విన్నదానివల్ల ఏం జరిగిందో రాస్తున్నాను. అందులో నా తప్పు ఎంతో అది కూడా దాచకుండా రాస్తున్నాను.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. మా ఊరు నరసరావుపేటకు మూడు క్రోసుల దూరం. చిన్నతనంలోనే భర్త పోయిన మా అక్క నా దగ్గర ఉండేది. నా దగ్గర ఉండేదనడం కూడా అబద్ధమే. నేను మూఢనమ్మకాల మీద సభలని, వాదాలని ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే ఇల్లు నడిపింది ఆమె కుట్టు మిషను. మా వీధిలో ఆడవాళ్ళ రవికెలన్నీ ఆమె చేతిమీదుగా వచ్చినవే.

ఆ ఏడు మిరప కోతలనాటికి ఆమెకు కుడివైపు పై దవడ పన్ను ఒకటి పుచ్చింది. లవంగం నొక్కిపెట్టుకుంది. కొన్నాళ్ళకు నొప్పి తగ్గింది, మేమూ మరిచిపోయాం. తరవాత కుడి ముక్కు మూసుకుపోయింది. చీది చూస్తే కుళ్ళు వాసన. ఇంకొన్నాళ్ళకు రెండో ముక్కూ దిబ్బడ వేసింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందక ఉలిక్కిపడి లేచేది. చివరికి పడుకోవడమే మానేసి గోడకు ఆనుకొని కూర్చొనేది. పగలు మిషను ముందు తూగేది. ఒకనాటి మధ్యాహ్నం తూగుతూనే చక్రం తిప్పింది. సూది చూపుడువేలి గోటిలోంచి దిగింది. నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి ఆమె వేలు చూసుకోవడం లేదు, రక్తం రవికె మీద పడిందా అని గుడ్డ చూసుకుంటున్నది.

పక్కింటావిడ మాకు వరసకు పెద్దమ్మ. అక్కను చూసి తేల్చేసింది.

"ఇది గాలిరా అబ్బాయ్. గుండెల మీద ఎక్కి కూచుంటంది. ముందు కోటప్పకొండకు తీసకపో."

"కొండెక్కటానికి ఊపిరుండాలి గదా పెద్దమ్మా" అని అక్కే నవ్వింది.

నేను లేనప్పుడు పెద్దమ్మ ఆమె మెడలో తాయెత్తు కట్టింది. నేను తెంపి పారేశాను. తెంపడం ఒక్కటే నాకు వచ్చిన పని.

పేటలో పళ్ళ పని తెలిసిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్న అద్దం నోట్లో పెట్టి చాలాసేపు చూశాడు. ముక్కు పక్కన ఎముకలో ఒక బోలు గది ఉంటుందట. పై దవడ పళ్ళ వేళ్ళు దానికి ఆనుకొని ఉంటాయట. ఈ పన్ను వేరు కుళ్ళి, చీము ఆ గదిలో నిండి ముక్కును మూసేసింది. ముక్కులో ఎన్ని చుక్కలు వేసినా ఉపయోగం లేదు, పన్ను తీస్తే చీముకు దారి దొరుకుతుంది, గాలి ఆడుతుంది, గాలి ఆడితే నిద్ర దానంతటదే వస్తుంది అన్నాడు. ఇప్పుడే తీస్తానన్నాడు. అక్క కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేసింది.

"పై పన్నురా అది. కళ్ళు పోతయ్. కళ్ళు పోతే సూదిలో దారం ఎవురెక్కిస్తారు, నువ్వా? నువ్వు ఇంట్లో ఉంటేగా!"

పంటి నరం వేరు, కంటి నరం వేరు అని జట్కాలో దారి పొడుగునా చెప్పాను. గొంతు పెంచి చెప్పాను.

"చప్పట్లు కొట్టేవాళ్ళు ఈడ లేరులేరా" అంది.

ఆమెది మూర్ఖత్వమని అప్పుడు కోపగించుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమెకున్నది ఆ రెండు కళ్ళే. ఊపిరి లేకపోయినా కూర్చొని బతకవచ్చు, చూపు లేకపోతే తమ్ముడి మీద పడి బతకాలి. ఆమె లెక్క ఆమెకుంది. దానికి కావలసింది ఉపన్యాసం కాదు, రుజువు.

ఆ రుజువు చూపించింది మా ఊళ్ళో జట్కా తోలే సాయిబు. ఊరందరికీ తాత. చినిగిన కళ్ళేం పట్టీ కుట్టించుకోవడానికి రెండు నెలల తరవాత ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. అక్క నోరు తెరుచుకొని ఎగపోసుకుంటుంటే సంగతి అడిగాడు. విని, తన పై పెదవి వేలితో ఎత్తి చూపించాడు. చిగుళ్ళు తప్ప ఒక్క పన్ను లేదు.

"మొత్తం పీకించుకున్నానమ్మా. కళ్ళు పోతే బాగుండేది. మా ముసల్ది చానా దూరాన ఉన్నా కనపడతానే ఉంది!"

మిషను మీదున్న సూది తీసుకొని, దారం కొస తడిచేసి, ఒక్క పోటులో ఎక్కించి అక్క చేతిలో పెట్టాడు. అక్క సూదివంక, ఆయన నోటివంక మార్చి మార్చి చూసింది. సాయంత్రం నాతో, "రేపు పోదాంరా" అంది.

ఇక్కడ నేను చేసింది చదవండి. మాచర్లలో దెయ్యాలు ఉన్నాయా లేవా అని వాదసభ పెట్టారు. నేను లేవని వాదించాలి. "పది రోజులు ఓపిక పట్టక్కా, వచ్చాక పోదాం" అన్నాను. ఇన్నాళ్ళు ఆగింది, పది రోజుల్లో ఏమవుతుందనుకున్నాను. పంచాంగం చూసి ప్రయాణం ఆపుకొనేవాళ్ళను వేదికల మీద ఉతికి ఆరేసినవాణ్ణి, సభ కరపత్రం చూసి అక్క ప్రయాణం ఆపాను. మాచర్లలో గెలిచాను. దండ వేశారు.

తిరిగి వచ్చేసరికి అక్క కుడి కన్ను వాచి మూసుకుపోయి ఉంది. ఒళ్ళు కాలుతోంది. "నిన్నటినించి ఈ కంటితో ఏం కనపడటంలా" అంది. తాత గుర్రాన్ని ఎన్నడూ కొట్టనివాడు, ఆ వేళ కొట్టి తోలాడు.

డాక్టరు వెంటనే పన్ను తీశాడు. ఆ వెనుక చీము ధారగా వచ్చింది. కంటి వెనక వాపు కోసి చీము తీశాడు. నన్ను పక్కకు పిలిచి, చీము కంటి గూటిలోకి ఎక్కిందని, ప్రాణం నిలిచింది గాని ఆ చూపు రాదని చెప్పాడు. వారం ముందు తెచ్చి ఉంటేనో అని అడిగాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో అక్క చాప మీద వెల్లకిలా పడుకొని ఉంది. గురక లేదు, ఎగపోత లేదు. ఆ నిశ్శబ్దానికి భయపడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. నోరు మూసుకొని, ముక్కుతో ఊపిరి తీస్తూ నిద్రపోతోంది. ఇన్ని నెలలు ఆమెకు అందకుండా పోయింది ఇదే. ఆమె పక్కన కూర్చొని ఏడ్చాను.

ఊళ్ళో ఏమనుకున్నారో మీకు చెప్పక్కరలేదు. పై పన్ను పీకించాడు, కన్ను పోయింది. మా అక్క ముఖమే వాళ్ళకు రుజువయింది. నేను మాచర్లలో ఎన్ని దెయ్యాలను ఓడించానో గాని, మా వీధిలో ఒక అబద్ధానికి సాక్ష్యం తయారుచేసి ఇచ్చాను.

ఇప్పుడు పెద్దమ్మ కోడలికి ఎడమ పై పన్ను పుచ్చింది. ముక్కు మూసుకుపోయి కూర్చొని నిద్రపోతోంది. మొన్న అక్క వాళ్ళింటికి వెళ్ళి బతిమాలింది.

"నా కన్ను తీసింది పన్ను పీకటం కాదు పెద్దమ్మా, పీకకపోటం. పిల్లను పేటకు పంపియ్యి."

"నువ్వు చెప్పేదేందే? అద్దంలో చూసుకో పో" అంది పెద్దమ్మ.

నేనూ వెళ్ళాను. నా ముఖాన తలుపు వేశారు. ఆ తలుపు తెరిపించే మాట నా దగ్గర లేదు. రేపు మళ్ళీ తాతను వెంటబెట్టుకొని వెళ్తాను.

మీ ఇంటి తలుపు మీ చేతిలో ఉంది. పుచ్చిన పన్నుతో, దిబ్బడ వేసిన ముక్కుతో, గోడకు ఆనుకొని తెల్లవార్చే మనిషి మీ ఇంట్లో ఉంటే చదవడం ఆపండి. బండి కట్టించండి. అమావాస్య అనకండి, కోతలనకండి, సభ ఉందనకండి. ఆ మనిషిని ఇవాళే తీసుకెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెట్టండి.